అతిథి మర్యాద – బిడ్డ మర్యాద

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. మా వంశమువారు ఈ యూరికి కరణీకము చేసిరి. మా నాయనగారి కాలమున, 1984లో, ఆ యుద్యోగము రాష్ట్రమంతట రద్దయినది. నేను సహకార పరపతి సంఘములో పద్దులు వ్రాసి జీవించువాడను. భారత భాగవతములను ఏ గురువునొద్దను చదువలేదు. ఈ గ్రంథాలయపు బీరువాలోని టీకా తాత్పర్య సహితములైన ప్రతులను రాత్రివేళ ఇంటికి గొనిపోయి, తెలిసినంత మేరకు చదువుకొంటిని. కావున నా మాటలలో పాండిత్యము వెదకవలదని ప్రార్థన. జమాఖర్చులు సరిపోయినవో లేదో, అంతమాత్రము చూడుడు.

పాలకవర్గమువారు నన్ను "గ్రంథాలయము – బాలలు" అను విషయమును గూర్చి ముచ్చటింపుమనిరి. రజతోత్సవ వేళ పొగడ్తలే శోభించునని యెరుగుదును. అయినను రాబోవు ఆదివారమున పాలకవర్గము ఒక లేఖను గూర్చి నిర్ణయింపవలసియున్నది. ఆ లేఖయే నేటి నా ప్రసంగమునకు కారణము.

విదేశములలో స్థిరపడిన మన ప్రాంతమువారు కొందరు ఆ లేఖ వ్రాసిరి. ఒక యాత్రా సంస్థ ద్వారా ఇరువదిమంది యువతీయువకులను వచ్చు శీతకాలమున మన యూరికి పంపెదమనిరి. వారు పది దినములు గ్రంథాలయపు మేడగదిలో బసచేయుదురట. మన పిల్లలకు ఇంగ్లీషు నేర్పుదురట. సెలవు దినములందు పిల్లలను వెంటబెట్టుకొని ప్రకాశం బ్యారేజిని, ఉండవల్లి గుహలను, హంసలదీవి సాగరసంగమమును చూపి తెత్తురట. గ్రంథాలయ నిధికి విరాళము కూడ ఇత్తురట. వ్రాసినవారు మనవారే; సదుద్దేశముతోనే వ్రాసిరి. నేను వారిని ఆక్షేపింపబూనలేదు. అయితే ఆ లేఖ కన్నులపండువుగా చదివిన పిదప ఒక సంగతి నాకు తోచినది. అందులో అతిథులకు ఏమేమి సౌకర్యములు కావలెనో పదునొకండు పంక్తులున్నవి. పిల్లలకు ఏమి రక్షణ గలదో ఒక్క పంక్తియు లేదు.

మన సీమకు యాత్రికులు క్రొత్తవారు కారు. కనకదుర్గమ్మ దర్శనమునకు దసరాలలో జనము వెల్లువవలె వత్తురు. 2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర మహోత్సవము జరిగినప్పుడు దేశదేశముల బౌద్ధులు వచ్చిరి. కూచిపూడి నాట్యము చూడగోరి, కొండపల్లి బొమ్మలు కొనగోరి దూరదేశములవారు మన బాటల నడచుచుందురు. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచివేసి పదివేల ప్రాణములకు పైగా బలిగొన్నప్పుడు, ఎక్కడెక్కడినుండియో స్వచ్ఛందసేవకులు వచ్చి శవములకు సంస్కారము చేసిరి, ఇండ్లు కట్టిరి. ఆ ఋణము మనము తీర్చుకొనజాలము.

సేవకొరకు ప్రయాణము చేయుట మన గ్రంథాలయోద్యమమునకును క్రొత్త గాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. 1935లో పాతూరి నాగభూషణంగారి కృషివలన కృష్ణా పశ్చిమ కాలువలమీద పుస్తకముల పడవ నడచినది. ఆ పడవ రేవురేవున ఆగి పుస్తకములిచ్చి, మరల వచ్చి వానిని తీసికొని పోయెడిది. దానికి చదువరులు కావలెను గాని, చూచుటకు పేదపిల్లలు అక్కరలేకపోయిరి. సేవచేయ వచ్చినవాడు ఏమి ఇచ్చి పోవుచున్నాడు, ఏమి తీసికొని పోవుచున్నాడు అని మనము రెండు ప్రక్కలను వ్రాసి చూచుకొనవలెను. ఒక ప్రక్కనే వ్రాసినచో అది పద్దు కానేరదు.

ఈ మాట నేను అనుభవము లేక చెప్పుటలేదు. నా తప్పొకటి ఈ సభలో ఒప్పుకొనుచున్నాను. ఆ కుటుంబమువారి అనుమతి గైకొంటిని. పేరు మాత్రము చెప్పను.

2016 పుష్కరముల తరువాతి మాట. ఒక సేవాసంస్థ తరపున దూరప్రాంతపు పెద్దమనిషి మన యూరికి వచ్చి నాలుగు దినములుండెను. నేనే ఆయనకు గ్రంథాలయము చూపితిని. బాలవిభాగములో పిల్లలను వరుసగా నిలువబెట్టితిని. దండ వేయించితిని, పద్యము చదివించితిని. "వీరిలో మిక్కిలి బీదవారెవరు?" అని ఆయన అడిగెను. ఆ ప్రశ్నలో దోషము నాకు తోచలేదు. తండ్రి గతించిన ఒక బాలికను ముందుకు పిలిచి, ఆమె వినుచుండగనే ఆమె ఇంటి కష్టములన్నియు ఏకరువు పెట్టితిని. ఆనాడు ఆ పిల్ల పండుగకు కుట్టించిన క్రొత్త గౌను తొడిగికొని వచ్చినది. ఆ పెద్దమనిషి, "ఇది బాగుండదు, పాతది తొడిగికొని రమ్మనుడు" అనెను. నేను పంపితిని. ఆ పిల్ల మారుమాటాడక పోయి చినిగిన గౌనుతో వచ్చి నిలువబడినది. ఆయన ఛాయాచిత్రము తీసెను.

కొన్ని నెలలకు ఆ చిత్రము విరాళములు కోరు కరపత్రముమీద అచ్చయినది. దాని క్రింద "దిక్కులేని అనాథ" అని వ్రాసియుండెను. బడిలోని పిల్లలు దానిని చూచిరి. ఆ వారమునుండి ఆ బాలిక గ్రంథాలయమునకు వచ్చుట మానినది. తీసికొనిపోయిన పుస్తకము గడువు దాటినది. పద్దులవాడను గదా, పుస్తకము అడుగుటకు వారి ఇంటికి పోయితిని. వాకిట బియ్యము చెరుగుచున్న తల్లి చేట ప్రక్కనబెట్టి లేచి, "బాబాయిగారూ, నేను బతికే ఉన్నాను గదండీ? నా బిడ్డను దిక్కులేనిదని ఎట్లా అచ్చు వేశారండీ?" అని అడిగినది.

నా యొద్ద సమాధానము లేదు. పుస్తకము మాత్రము తెచ్చి నా చేతికిచ్చినది. అట్టకు కాగితము తొడిగి, ఎంత పదిలముగా ఉంచిరో!

అయ్యలారా, అమ్మలారా! ఆ పెద్దమనిషి దొంగ అని నేననను. ఆ సొమ్ముతో ఎక్కడనో మంచిపనియే చేసియుండవచ్చును. కాని ఆ బిడ్డ పేదరికమును ఆమెను అడుగకయే మేమిద్దరము కలిసి వాడుకొంటిమి. కొండపల్లి బొమ్మను బల్లమీద నిలిపి నలుగురికి చూపవచ్చును; వెల చెప్పవచ్చును. బిడ్డ పొణికికర్ర బొమ్మ కాదు. నేను నేడు చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇంతియే.

ఇది మన యూరి చిన్న కథయని త్రోసివేయవలదు. ఇదే బీజము పెరిగి వృక్షమైన దేశములు గలవు. కంబోడియాను చూడుడు. అచ్చట 2005లో అనాథాశ్రమములు 153 ఉండగా 2010 నాటికి 269 అయినవి. అందలి పిల్లలలో నూటికి సుమారు డెబ్బదియైదుగురికి తల్లియో తండ్రియో జీవించియే యున్నారని లెక్కలు తేల్చినవి. అనాథలు పెరుగకుండ ఆశ్రమములేల పెరిగినవి? కొన్ని దినములు సేవచేసి పోవుదమని వచ్చు యాత్రికులు పెరిగిరి. వారు చూచుటకు, ఎత్తుకొనుటకు, పాఠము చెప్పుటకు పిల్లలు కావలసివచ్చిరి. చదువు చెప్పింతుమని పల్లెలలోని తలిదండ్రులకు ఆశచూపి బిడ్డలను తెచ్చిరి. నేపాళములోను ఇట్టి కథలే జరిగినవి. 2018లో ఆస్ట్రేలియా దేశమువారు ఆధునిక దాస్యమును గూర్చి చట్టము చేయునప్పుడు, అనాథాశ్రమములకొరకు పిల్లలను తరలించుటయు దాస్యపు రూపమేయని గుర్తించిరి. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మహాసభ కూడ అనాథాశ్రమ యాత్రలవలన పిల్లలకు కలుగు హానిని ఎత్తిచూపినది.

మరియొక హాని గలదు. అది లెక్కకు అందనిది. పదిదినములుండి పోవు అక్కయ్యకు పసిబిడ్డ మనసిచ్చును. అక్కయ్య కన్నీరు తుడుచుకొని విమానమెక్కును. తరువాతి నెలలో మరియొక అన్నయ్య వచ్చును, అతడును పోవును. పెద్దవారికి అది మధురస్మృతి. బిడ్డకు అది మాటిమాటికి జరుగు వియోగము. కొంతకాలమునకు ఆ బిడ్డ రెండు విద్యలు నేర్చుకొనును: ఎవరు వచ్చినను ఒడిలో వాలుట ఒకటి, ఎవరిని నమ్మకుండుట రెండవది.

ఇక చెప్పుటకు నోరురాని మాట కూడ చెప్పవలసియున్నది. తల్లులు క్షమింతురు గాక. గోవాలోని మడగాములో బీదబాలురకు ఆశ్రయమిచ్చు దాతగా ఫ్రెడ్డీ పీట్స్ అనువాడు పేరు సంపాదించెను. 1991లో అతడు పట్టుబడెను. ఆ బాలురపై అత్యాచారములు జరిగినవనియు, విదేశ యాత్రికులకును అందు భాగము గలదనియు బయటపడినది. 1996లో న్యాయస్థానము అతనికి యావజ్జీవశిక్ష విధించినది. 2003లో గోవా రాష్ట్రము బాలలకొరకు ప్రత్యేకముగా చట్టము చేసికొన్నది. రావణుడు పర్ణశాలకు వచ్చినప్పుడు పది తలలతో రాలేదు. కాషాయము కట్టి, భిక్షాపాత్ర పట్టి వచ్చెను. దుర్మార్గుడు పిల్లలున్న చోటికి దుర్మార్గునివలె రాడు. గురువుగనో, దాతగనో, సేవకునిగనో వచ్చును.

మన విజయవాడ సంగతి మీరెరుగనిది కాదు. హౌరా, ఢిల్లీ, చెన్నై మార్గములు కలియు ఆ రైలు కూడలిలో ఇల్లువిడిచిన పిల్లలు దిగుచుందురు. అట్టివారికొరకే 1989 నుండి నవజీవన్ బాలభవన్ అను సంస్థ ఆ నగరములో పనిచేయుచున్నది. 2028లో బృహస్పతి కన్యారాశిని ప్రవేశించును. మరల కృష్ణా పుష్కరములు వచ్చును. లక్షల జనము మన తీరమునకు వత్తురు. యాత్రికులు పెరిగినకొలది పిల్లలు ఘట్టములయొద్ద పూలమ్ముటయు, పూటకూళ్ళలో పళ్ళెములు కడుగుటయు, అపరిచితుల వెంట దారిచూప పోవుటయు పెరుగును. కావున ఈ లేఖకు మనము వ్రాయు సమాధానము ఆ రోజులకును ఒరవడి కాగలదు.

కొందరు మిత్రులు నాతో, "కరణంగారూ, ఇంటికి వచ్చువారిని ఇన్ని ప్రశ్నలడుగుట మర్యాదయా? అతిథి దేవుడు కాడా?" అనిరి. రామాయణము తీసి చూచితిని. బాలుడైన రాముని తనవెంట పంపుమని అడిగినవాడు సాక్షాత్తు విశ్వామిత్ర మహర్షి. అయినను దశరథుడు వెంటనే సరేయనలేదు. బాలునికి పదునారేండ్లయిన నిండలేదనెను, రాక్షసులెవరు, వారి బలమెంత యని అడిగెను, తానే వత్తుననెను. వసిష్ఠుడు ధైర్యము చెప్పిన పిదపనే పంపెను. అప్పుడును రాముడు ఒంటరిగా పోలేదు, లక్ష్మణుడు తోడు పోయెను. మహర్షినే ప్రశ్నించిన తండ్రిని వాల్మీకి నిందింపలేదు. అడుగుట అవమానము కాదు. అడుగకుండుటయే బిడ్డకు అపచారము.

సంఘములో నా స్వంత అన్నగారు అప్పు తీసికొన్నను పత్రము వ్రాయించుకొంటిని. అన్నను దొంగయనుటకు కాదు. వ్యవహారము వ్యవహారముగా నిలుచుటకు. అనుమానము వేరు, నియమము వేరు. నియమము అందరికి ఒక్కటియే. కావున అది ఎవరిని అవమానింపదు.

శకుంతల కథ మీకు తెలియును. కణ్వమహర్షి ఆశ్రమమున లేని వేళ అతిథి వచ్చెను. రాజు గదా, మాట తప్పునా యని ఆమె నమ్మినది. తరువాత ఆమె కొడుకును వెంటబెట్టుకొని నిండుసభలో నిలిచినప్పుడు ఆ రాజు ఎరుగననెను. సాక్ష్యము లేదు, లిఖితము లేదు. చివరకు ఆకాశవాణి పలికి ఆమెను కాపాడినది. మన కాలమున ఆకాశవాణి విజయవాడ కేంద్రము పాటలు, వార్తలు వినిపించునే గాని, మన బిడ్డల పక్షమున సాక్ష్యము పలుకదు. మన సాక్ష్యము మనమే వ్రాసి ఉంచుకొనవలెను.

కావున పాలకవర్గమునకు ఈ నియమములు విన్నవించుచున్నాను.

మొదటిది. వచ్చువారి పేరు, చిరునామా, గుర్తింపు పత్రము, వారిపై నేరములేవియు లేవని వారి దేశపు పోలీసులిచ్చు పత్రము ముందుగా రావలెను. విదేశీయులకు బస ఇచ్చువారు అధికారులకు తెలుపవలెనని మన దేశమున చట్టమున్నది, అదియు మరువరాదు. పిల్లలు తిరుగు ఈ భవనమున రాత్రి బస ఇచ్చుట నాకు సమ్మతము కాదు. ఊరిలో వేరు వసతి చూడవచ్చును.

రెండవది. అతిథి ఎవరైనను బిడ్డతో ఒంటరిగా ఉండరాదు. తలుపులు తెరచియుండవలెను, మన పెద్దలిద్దరు, అందొకరు స్త్రీ, దగ్గర ఉండవలెను. తల్లియో తండ్రియో వెంటలేనిదే ఏ బిడ్డయు విహారయాత్రకు ఊరుదాటరాదు.

మూడవది. తలిదండ్రుల లిఖితానుమతియు, బిడ్డ ఇష్టమును లేక ఛాయాచిత్రము తీయరాదు. తీసినను పేరు, బడి, ఇల్లు తెలుపరాదు. మంచి గౌను విప్పించి చినిగినది తొడిగించు పాపము ఈ గడపలోపల మరల జరుగరాదు.

నాలుగవది. విరాళములు, కానుకలు గ్రంథాలయపు పద్దులోనికే రావలెను. ఒక్కొక్క బిడ్డ చేతికి విడిగా రాదగదు. కానుక అందుకొన్న బిడ్డ తరువాత "వద్దు" అనలేడు.

అయిదవది. ఏ బిడ్డయైన తనకు నచ్చనిది జరిగినదని చెప్పినచో వినుటకు ఒక స్త్రీని, ఒక పురుషుని నియమింపవలెను. 1098 అను బాలల సహాయవాణి సంఖ్యను బాలవిభాగపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. 2012లో వచ్చిన పోక్సో చట్టము ప్రకారము, పదునెనిమిదేండ్ల లోపు బిడ్డపై లైంగిక నేరము జరిగినదని తెలిసియు పోలీసులకు చెప్పకుండుట కూడ నేరమే. అది రచ్చబండ యొద్ద రాజీ చేయదగిన విషయము కాదు. ఊరి పరువు పోవునని దాచినచో పోవునది బిడ్డ బ్రదుకు.

"ఇన్ని నిబంధనలకు వారు రాకపోయినచో విరాళము పోవును గదా" అందురు. గ్రంథాలయపు నిధి ఎంత పలుచనిదో నాకంటె ఎరిగినవారు లేరు. వానకాలమున తూర్పుగోడనున్న బీరువాను నేనే జరుపుదును. అయినను చెప్పుచున్నాను: మంచివారు ఈ నియమములకు సంతోషింతురు. కోపగించినవారు రాకుండుటయే లాభము.

వచ్చినవారికి పని లేకపోదు. మన పుస్తకముల పట్టిక ఇరువదియైదేండ్లుగా నా చేతివ్రాతలోనే యున్నది. దానిని కంప్యూటరులో చేర్చవచ్చును. కప్పు బాగుచేయవచ్చును. పిల్లలకు పదిదినములు పాఠము చెప్పుటకంటె, వారికి ఏడాది పొడుగున చెప్పు మన పంతులమ్మలకు క్రొత్త పద్ధతులు నేర్పవచ్చును. సాయంకాలము అందరి యెదుట మైదానములో కబడ్డీ ఆడవచ్చును. పోవునప్పుడు మన గోంగూర పచ్చడి, మన స్నేహము పట్టుకొని పోవచ్చును.

పోయిన వారము బాలవిభాగపు పిల్లలనే అడిగితిని: "వచ్చువారు ఏమి చేసిన మీకు ఇష్టము?" అని. ఒక కుర్రవాడు, "వాళ్ళ ఊరి కథలు చెప్పాలండీ" అనెను. ఒక చిన్నపిల్ల మాత్రము ఆలోచించి, "వాళ్ళు మన ఫొటోలు తీస్తారు గదా, మనం కూడా వాళ్ళవి తీయొచ్చా తాతగారూ?" అని అడిగినది. 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక వ్రాసినది. 1992లో మన దేశము దానికి ఒప్పుకొన్నది. అందు బిడ్డలకు సంబంధించిన విషయములలో బిడ్డల మాట వినవలెనని యున్నది. ఆ చిన్నదానికి ఒడంబడిక సంగతి తెలియదు. న్యాయము మాత్రము తెలిసినది.

ఈ ఇరువదియైదేండ్లలో మనము ప్రతి పుస్తకమునకు సంఖ్య వేసితిమి. ఎవరు తీసికొనిరి, ఎప్పుడు తెచ్చిరి అని వ్రాసితిమి. పుట చినిగిన అడిగితిమి. పుస్తకముమీద చూపిన శ్రద్ధను బిడ్డమీద చూపక, పేరు తెలియని అతిథి చేతిలో పెట్టుటకు మనకేమి అధికారము గలదు?

ఆ బాలిక నేడు విజయవాడలో కళాశాలలో చదువుచున్నది. చందాదారుల పుస్తకములో ఆమె పేరిట నున్న పుటను నేను కొట్టివేయలేదు. చివరి పుస్తకము తిరిగివచ్చిన తేదీ క్రింద మిగిలిన గడులన్నియు ఖాళీగనే యున్నవి. ఆమె మరల వచ్చునో రాదో ఆమె ఇష్టము. ఆ పుట ప్రక్కన మరియొక బిడ్డ పుట ఖాళీ కాకుండ చూచుట మాత్రము మన వంతు. ఆదివారమున సంతకము చేయునప్పుడు పాలకవర్గమువారు ఈ మాట తలంతురని ఆశించుచున్నాను.